చీటీలు లేని పుస్తకం

నిప్పును మొదట ఎవరు రాజేశారో చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు గానీ, పుస్తకంలో చీటీ పెట్టే విద్య ఎవరిదన్న విషయంలో ఆ ఆఫీసులో రెండో మాట లేదు. అది రికార్డు రూము గుమాస్తాది. ఆయన్ని అందరూ చీటీల బాబాయ్ అనేవారు. గొడుగులో "వాన వెలిశాక మరువరాదు" అని ఒక చీటీ, క్యారేజీలో "కింది గిన్నె ముందు" అని ఇంకొకటి. తలగడకీ ఒకటుందని ఆయన భార్యే చెప్పింది: "ఇటు తల."

ఇక ఆయన రూల్సు పుస్తకంలో రెండువందల పన్నెండు చీటీలు. దూరం నుంచి చూస్తే ఈకలు రేగిన కోడిలా ఉండేది.

ప్రమోషన్ పరీక్ష పుస్తకం చూసి రాసేదే. తొమ్మిదివందల పేజీల్లో అడిగిన రూలు ఎక్కడ దాక్కుందో రెండు గంటల్లో పట్టుకోవడమే అసలు పరీక్ష. అందుకే రాసేవాళ్లంతా బాబాయ్ చేత చీటీలు పెట్టించుకునేవారు.

పరీక్ష తొమ్మిది రోజులుందనగా నోటీసు బోర్డు మీద కాగితం పడింది. పుస్తకం తెచ్చుకోవచ్చు, అందులో చీటీ గానీ, గీత గానీ, మడత గానీ ఉండరాదు.

ఈసారి రాసే నలుగురిలో టైపిస్టు ఒకరు. ఇరవై రెండేళ్లుగా పరాయి వాళ్ల ప్రమోషన్ ఆర్డర్లు టైపు కొట్టిన మనిషి. నలభై అయిదు దాటితే పరీక్షకి అర్హత లేదు. ఆవిడ ఆ గడప దాటడానికి ఇంకా రెండు నెలలే.

"అందరికీ ఒకటే రూలమ్మా, అన్యాయం ఏముంది?" అన్నాడు సూపరింటెండెంటు.

"పరుగు మొదలయ్యాక గమ్యం గీత జరిపి, అందరికీ జరిపాంగా అంటే న్యాయమవుతుందా?" రికార్డు రూములోంచి కేక వచ్చింది.

"అయితే అర్జీ పెట్టుకోండి!"

"పెట్టాను. మీ బల్ల మీదే ఉంది. చీటీ చూడండి!"

ఆ సాయంత్రమే బాబాయ్ పరీక్ష రాసే నలుగురి పుస్తకాలూ పట్టుకుపోయాడు. మర్నాడు టైపిస్టు వెళ్లి చూస్తే, తన పుస్తకంలో పదీ పన్నెండు చోట్ల మందపాటి అట్టముక్కలు కుక్కి, పైన ఫైళ్ల కట్టలు పేర్చి ఉన్నాయి.

"బాబాయ్! వాళ్లు చీటీలే వద్దంటే మీరు అట్టలు పెడుతున్నారా!"

"పెడుతున్నా."

"నా పుస్తకం నాకిచ్చేయండి, మీకు పుణ్యముంటుంది."

"ఇంకా పండలేదమ్మా."

"నా కొంప మునుగుతుంటే పుస్తకం పండడమేమిటండీ!"

"అందాకా ఇవి చదువుకో," అని రూలు పేరూ పేజీ నంబరూ రాసి ఉన్న తన రెండువందల పన్నెండు చీటీలూ రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెట్టాడు.

చేసేదేముంది? బస్సులో చదివింది, పొయ్యి దగ్గర చదివింది. "ఉప్పెక్కడ?" అని భర్త అడిగితే, "ఏడో అధ్యాయం, నాలుగువందల ఆరో పేజీ," అంది. ఆయన ఉప్పు లేకుండానే తిన్నాడు.

పరీక్ష నాడు పొద్దున బాబాయ్ అట్టలన్నీ లాగేసి పుస్తకాలు ఇచ్చాడు. హాల్లో సూపరింటెండెంటు ఒక్కొక్క పుస్తకాన్నీ తలకిందులు చేసి దులిపాడు. దుమ్ము రాలింది, చీటీ రాలలేదు.

మొదటి ప్రశ్న సెలవుల మీద. తొందరలో పుస్తకం చేయి జారి బల్ల మీద పడింది. పడి తెరుచుకుంది. సెలవుల అధ్యాయం! పింఛను ప్రశ్నకి పేజీలు వేలితో జారవిడిస్తే, పుస్తకం తనంతట తానే పింఛను దగ్గర నోరు తెరిచింది. తొమ్మిది రోజుల బరువుకి దాని వెన్ను ఏటేటా ప్రశ్నలొచ్చే చోట్ల వంగిపోయింది. చీటీ లేదు, గీత లేదు, మడత లేదు. పుస్తకానికి ఒక అలవాటు ఉంది, అంతే. పుస్తకం తనంతట తెరుచుకోని చోట బాబాయ్ చీటీ గుర్తొచ్చింది.

నలుగురూ పాసయ్యారు. టైపిస్టు తన ఆర్డరు తనే కొడుతూ, తన పేరు దగ్గర రెండుసార్లు తప్పు కొట్టింది. కాగితం పట్టుకుని రికార్డు రూముకి పరుగెత్తింది.

"ఇంత తెలిసీ, అప్పట్లో మీరెందుకు పరీక్ష పాసవలేదు బాబాయ్?"

"నేను రాసిన ఏడు రూలు ముందు రోజు సాయంత్రం మార్చారమ్మా. ఒక్క రాత్రికి పుస్తకం పండదు. అది సరే, నా చీటీలు తెచ్చావా?"

ఆయన అర్జీకి జవాబు మరో రెండు నెలలకి వచ్చింది: "పరిశీలనలో ఉన్నది." బాబాయ్ దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివి, స్కేలు ఆనించి నిలువుగా చించాడు.

పదకొండు చీటీలు వచ్చాయి.