ఎనభై దాటిన బంతులు

దేశం కాని దేశంలో, మనురేవా అనే ఊళ్ళో ఉన్నప్పుడు శనివారాలు నేనొక బేస్‌బాల్ జట్టుకి బంతుల లెక్క చూసేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ఆ ఆటలో నాకు ఓనమాలు రావు. మా ఊళ్ళో క్రికెట్ స్కోరు రాసేవాణ్ణని గొప్పలు పోయి ఆ పని సంపాదించుకున్నాను.

మా మేనేజర్ జపాన్ ఆయన. తన దేశంలో ఇరవై ఏళ్ళు పెద్ద జట్లకి బంతి విసిరిన మనిషి. దాని ఫలితంగా కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయేవారు, టీ కప్పు కూడా ఎడమచేత్తోనే ఎత్తేవారు. అందుకే ఆయనది ఒకటే నియమం. ఎంత బాగా విసురుతున్నా సరే, ఎనభై బంతులు కాగానే దిగిపోవాలి. బంతికొకసారి నొక్కే చిన్న మిషన్ నా చేతిలో పెట్టారు.

"ఆటలో పడితే నాకు ఒళ్ళు తెలీదు. ఆపాల్సింది మీరే," అన్నారు.

ఆ ఏడాది ఫైనల్లో మా తరఫున విసురుతున్నది సమోవా దీవుల నుంచి వచ్చిన ఒకతను. గోడౌన్లో పెట్టెలు ఎత్తే పని, ఇద్దరు పిల్లలు. ఎనభై అయింది. ఇంకో ముగ్గురు అవుటైతే కప్పు మాదే. అతని బదులు విసరడానికి వచ్చేవాడు వట్టి దండగ.

"ఎంత?" అన్నారు మేనేజర్, మైదానం మీంచి చూపు తిప్పకుండా.

"అరవై ఎనిమిది," అన్నాను.

నోరు జారానని బొంకను. కావాలనే అన్నాను. ఎర్రటి ఎండలో పొద్దస్తమానం బౌలింగ్ వేసేవాళ్ళని చూసి పెరిగినవాణ్ణి, ఇంకో పది బంతులకి కొంపలేం మునిగిపోవులే అనుకున్నాను. మనవాళ్ళు మోచెయ్యి వంచకుండా వేస్తారు, ఇక్కడ భారమంతా మోచేతి మీదే అన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు. తొంభై ఒకటో బంతికి గెలిచాం. అతను మోచెయ్యి పట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

మర్నాడు మేనేజర్‌ని అతని ఇంటికి కార్లో తీసుకెళ్ళింది నేనే. ఆయన అతని భార్య ముందు నడుము వంచి, తల దించి చాలాసేపు అలాగే ఉండిపోయారు.

"లెక్క సరిగ్గానే ఉందమ్మా. చెయ్యి అలసిపోయిందని కనిపెట్టాల్సింది నేను. తప్పు నాదే," అన్నారు.

నేను ఆవిడ పెట్టిన కేకు తింటూ కూర్చున్నాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

ఆ చెయ్యి మళ్ళీ పెట్టెలు ఎత్తలేకపోయింది. కొన్నాళ్ళకి వాళ్ళంతా దేశం ఆ చివరనున్న ఇన్వర్‌కార్గిల్‌లో అతని అన్న దగ్గరికి వెళ్ళిపోయారు.

"చెప్పేస్తే పోయేదానికి ఇంత నానుస్తారేంటండీ? పెద్దాయన ఎంత కుమిలిపోతున్నాడో ఏమో!" అంది మా ఆవిడ.

"సీజన్ అయిపోనీవే, చెప్తాలే."

అలా నాలుగు సీజన్లు అయిపోయాయి. ఆయన ఎనభైని అరవైకి దించారు. ఆ జాగ్రత్తే కలిసొచ్చి మరో మూడు కప్పులు గెలిచాం. చుట్టుపక్కల క్లబ్బులన్నీ ఆయన పద్ధతి నేర్చుకున్నాయి. నేను మాత్రం ఆయన కళ్ళలోకి చూడడం మానేశాను.

జపాన్ వెళ్ళిపోయే ముందు క్లబ్బులో ఆయనకి వీడ్కోలు పెట్టాం. మాట్లాడమంటే కప్పుల ఊసే ఎత్తలేదు.

"ఇక్కడ ఒక మంచి చేతిని పాడుచేశాను," అన్నారు. "ఆ తర్వాత కూడా ఈ పనిలో ఉండగలిగానంటే, నాకు ఏనాడూ తప్పు లెక్క చెప్పని మనిషి పక్కన ఉండబట్టే."

నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు.