గంట మోగిన చోట విరిగిన పాట

మా అక్క ఇందుమతి పోయి మొన్న వైశాఖానికి ఏడాది నిండింది. తెనాలి మారిస్‌పేటలో, ఇంటి ముందుగదిలోనే, పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి సరిదిద్దేది. ఏదైనా ఫైలు మొరాయిస్తే అదెందుకు అలా చేస్తోందో ముందు తెలియాలి తనకి. తెలిసేదాకా అన్నం సయించేది కాదు.

తను పోయే ముందటి వేసవిలో ఒక ఉదయం నేనక్కడే ఉండగా రేపల్లె నుంచి నవ్య అనే అమ్మాయి వచ్చింది. పడవలవాళ్ల పాటల మీద పరిశోధన. వెంట బాబాయి కొండలరావు. థీసిస్‌ని పీడీఎఫ్ చేసి ఆ సాయంత్రం ఐదు లోపు యూనివర్సిటీ సైటులో ఎక్కించాలి. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరని బాపట్లలో ఉన్న గైడు చెప్పేశాడట. ఫైలు తెర మీద చక్కగానే ఉంది. యూనివర్సిటీ అడిగిన ఫాంటులోకి మార్చి పీడీఎఫ్ చేస్తే మాత్రం ప్రతి పంక్తిలోనూ చివరి మాట కిందికి జారి, ఒంటరిగా మిగిలిపోతోంది. నెట్ సెంటరువాళ్లు కంప్యూటర్‌లో వైరస్ అన్నారట.

అక్క మామూలుగా కనిపించని గుర్తుల్ని తెర మీదికి తెప్పించింది. ఎంటర్ నొక్కిన చోటల్లా ఒక గుర్తు కనపడుతుంది. ఇక్కడ ప్రతి పంక్తి చివరా ఒకటుంది. కాసేపు చూసి, కళ్లజోడు పైకి తోసుకుని నవ్వింది.

"ఇది టైపు మిషను మీద నేర్చుకున్న చెయ్యి. ఎవరమ్మాయ్ కొట్టింది?"

నవ్య బాబాయి వైపు చూసింది. కొండలరావు కుర్రతనంలో సముద్రం మీద వేటకెళ్లి, తర్వాత టైపు లోయరు గ్రేడు పరీక్ష పాసై, ప్లీడరుగారి దగ్గర పని చేసి మానేసిన మనిషి.

"కంప్యూటర్‌లో కూడా గంట మోగిందా అన్నయ్యగారూ?" అంది అక్క.

"మోగకపోయినా వేలు ఊరుకోదండి. అంచు దగ్గరికొస్తే చాలు, లైను మార్చేస్తది."

తను కూడా, అంచు దగ్గర గంట మోగగానే చేత్తో పంక్తి మార్చాల్సిన ఆ మిషన్ల మీదే నేర్చుకున్నానని, ఆ అలవాటు వదలడానికి చాలా కాలం పట్టిందని అక్క చెప్పింది. కొత్త ఫాంటు కాస్త వెడల్పు. చివరి మాట పట్టక కింద పడుతోంది, దాని వెనకే ఉన్న ఎంటర్ మిగతా వాక్యాన్ని ఇంకా కిందికి తోస్తోంది. ఆ ఎంటర్లన్నీ ఒక్కసారిగా తీసేయొచ్చు. కానీ పాటల్లోనూ అవే ఉన్నాయి, తీసేస్తే చరణాలన్నీ వచనమైపోతాయి. ఏది చరణం చివర, ఏది అంచు దగ్గరి అలవాటు అన్నది కంప్యూటర్‌కి తెలియదు.

వచనంలోవి ముందు తీసేసి, కొండలరావుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన ఒక్కో పాటా గొంతులోనే పాడాడు. ఆయన ఆగిన చోట ఎంటర్ ఉంచింది, ఆగనిచోట తీసేసింది. మధ్యలో ఆ మాటకర్థమేంటి, ఇదెప్పుడు పాడతారు అని అడుగుతూనే ఉంది. నవ్య గోడ గడియారం చూస్తూ కూర్చుంది.

చివరిది వల లాగే పాట. ఆయన ఎక్కడా ఆగకుండా పాడేశాడు. తెర మీద అది ముక్కలుగా ఉంది.

"ఇక్కడ ఆగలేదేంటండి?"

"ఆగమండి. కాయితం చాలక నేనే విరిచాను."

"ఉంచేయండి ఆంటీ, ఐదు కావస్తోంది," అంది నవ్య.

అక్క చెయ్యి అక్కడే ఆగింది. "మధ్యలో ఆగితే ఏమవుద్ది?"

"వల జారిపోద్దండి," అన్నాడు కొండలరావు, మామూలుగా.

అక్క ఆ ఎంటర్లన్నీ ఒక్కొక్కటే తీసేసి పీడీఎఫ్ చేసింది. నవ్య దాన్ని ఎక్కించేసరికి గడువింకా మిగిలే ఉంది. అందిందని సైటు చెప్పాక గానీ ఆ పిల్ల కుర్చీలో వెనక్కి వాలలేదు. చివరి పేజీలో పాట ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి, తనంతట తనే మలుపు తిరిగింది.