మాస్టారి సింథసైజర్‌కి వేసిన దండ

మా ఆర్కెస్ట్రా కీబోర్డు మాస్టారు పోయారన్న కబురు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మా ఓనరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, దాని కిందే రాబోయే ప్రోగ్రాం పోస్టరు కూడా పెట్టాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికైనా మధ్యలో కాస్త వ్యవధి ఇవ్వలేదు మహానుభావుడు. నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది. ఆ ఆర్కెస్ట్రాలో పాటలు పాడేదాన్ని నేను. నా గొంతుకి ఏ శ్రుతి సుఖమో కనిపెట్టి చెప్పింది మాస్టారే. అందుకని ఆయన గురించి నేనే రాస్తున్నాను.

మాస్టారిది తెనాలి. ఆయన దగ్గర పాతకాలపు సింథసైజర్ కీబోర్డు ఒకటి ఉండేది. మీట నొక్కగానే వీణా వేణువూ పలికే ఇప్పటి రకం కాదు. ప్రతి పాటకీ నాబ్‌లు తిప్పి కొత్తగా గొంతు తయారుచేసుకోవాలి. పైగా వేడెక్కేదాకా శ్రుతి నిలవదు. ప్రోగ్రాంకి అరగంట ముందే స్విచ్ వేసి, "దానికింకా తెల్లారలేదమ్మాయ్, ఆగు" అనేవారు నాతో. తర్వాత ఆయన భార్య, నేను పిన్నిగారని పిలిచే ఆవిడ, కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కి పట్టుకునేవారు. మాస్టారు కళ్ళు మూసుకుని, వెనకవైపు నాబ్ తిప్పుతూ శ్రుతి సరిచేసేవారు. ఆ ఒక్క మెట్టు నొక్కడం కోసం పిన్నిగారు మాతో వ్యానులో ఊరూరా తిరిగారు.

సూర్యలంకలో సముద్రపు గాలికి ఆ పెట్టె మరీ మొండికేసేది. బాపట్ల నుంచి వచ్చిన జనం ఈలలు వేస్తున్నా మాస్టారు తొందరపడేవారు కాదు. "అపశ్రుతి వినిపించేకంటే నాలుగు తిట్లు తినడం నయం" అనేవారు. మా ఓనరుకి ఈ బాధ లేదు. అతనికి చెవులున్నది కళ్ళజోడు నిలవడానికి.

ల్యాప్‌టాప్ కొన్నాక అతని సంబరం చూడాలి. పాటంతా అందులోనే వండి ఉంటుంది, మేం నోళ్ళు కదిపితే చాలట. ఒకసారి రేపల్లెలో మాస్టారి సింథసైజర్‌ని స్టేజీ మధ్యలో పెట్టించి, స్పీకరు వైరు మాత్రం తగిలించనివ్వలేదు.

"ఊరికే వేళ్ళు ఆడించండి మాస్టారూ. పాత పెట్టె కదా, లుక్ బావుంటుంది" అన్నాడు.

"వేళ్ళకి సిగ్గుంటుందండి" అని మాస్టారు పెట్టె సర్దుకుని స్టేజీ దిగిపోయారు. మళ్ళీ ఎక్కలేదు. రమ్మని పిలిచినవాడూ లేడు.

అదే ఓనరు తెనాలిలో సంతాప సభ పెట్టాడు. పిన్నిగారు కోరింది ఒక్కటే, ఆ పెట్టె గొంతు ఒక్కసారి వినాలని. "అదెంత పనండి" అని మాటిచ్చి పెట్టె పట్టుకెళ్ళాడు. మేం వెళ్ళేసరికి సింథసైజర్‌కి పసుపూ కుంకుమా పెట్టి, నీళ్ళు కారుతున్న పూలదండని దాని మెట్ల మీద పరిచారు. వైరు లేదు. పక్కన ల్యాప్‌టాప్‌లో సన్నాయి ఏడుస్తోంది. కరెంటు వస్తువుని తడిదండతో గౌరవించే బుద్ధి మా వాళ్ళకే పుట్టాలి. ఓనరు మైకు పట్టుకుని, మాస్టారు తనకి సొంత అన్నయ్యలాంటివారని చెప్పి, గొంతు పూడుకుపోయినట్టు ఆగాడు. ఆ ఆగడం ఇంటి దగ్గర సాధన చేసి వచ్చాడని నా అనుమానం.

పిన్నిగారు లేచి వెళ్ళి దండ తీసేశారు. కొంగుతో మెట్లన్నీ తుడిచారు. నేను స్పీకరు వైరు ల్యాప్‌టాప్ నుంచి పీకి సింథసైజర్‌కి తగిలించి స్విచ్ వేశాను.

"అది వేడెక్కడానికి అరగంట పడుతుంది వదినా. భోజనాలు చల్లారిపోతాయి" అన్నాడు ఓనరు.

"మీరు తినండి. మేం ఆగుతాం" అన్నారు పిన్నిగారు.

అతను నిజంగానే వెళ్ళాడు. వెనకే సభ మొత్తం వెళ్ళింది.

పెట్టె వేడెక్కాక పిన్నిగారు ఒక మెట్టు నొక్కారు. గొంతు వచ్చింది, శ్రుతి కాస్త దిగి. ఆవిడ తల తిప్పకుండానే, "కొంచెం పైకండి" అన్నారు.

నాబ్ దగ్గర నిలబడింది నేను. నాతో ఆవిడ ఎప్పుడూ అండి అనలేదు, మాస్టారితోనే అనేవారు. నేను నాబ్ తిప్పలేకపోయాను. ఆవిడ మెట్టు వదల్లేదు, దిగిన శ్రుతి అలాగే మోగుతోంది. పక్క హాల్లో మా ఓనరు ఇంకో అప్పడం వెయ్యమంటున్నాడు.