రోలు పక్కనే నిలబడతాను

"మాస్టారు వెళ్ళిపోయారమ్మా" అని అమ్మగారు ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రి హాస్టల్లో బట్టలు ఆరేస్తున్నాను. అమ్మగారంటే ఆయన భార్య. మళ్ళీ ఆవిడే, "విల్లు తాడు విప్పేసే ఉందిలే. నిన్న సాయంత్రం ఆయనే విప్పారు" అన్నారు. ఆ ఇంట్లో అది పెద్ద సంగతి. తాడు బిగించిన విల్లును అలాగే వదిలేస్తే వెదురు ఆ వంపుకి అలవాటు పడిపోతుంది, బలం పోతుంది. మాస్టారు ఆ పని ఏ రోజూ మరిచిపోలేదు. చివరి రోజు కూడా.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. గోదారి మధ్య లంకలో ఆయనకి అరటితోట ఉండేది. ఆయన తెల్ల పంచెలన్నిటి మీదా నల్లటి మచ్చలే. అరటి జిగురు ఏ సబ్బుకీ పోదు. ఆ మచ్చల్లో కొన్ని తోటపనివి, కొన్ని బాణాలవి. మా ఊళ్ళో దసరా సాయంత్రం అమ్మవారి గుడి ముందు అరటి బోదె పాతి, దానికి బాణం వేస్తారు. విరిగిన రోలు ఒకటి అక్కడ సగం భూమిలో దిగబడి ఉంటుంది. దాని పక్కన నిలబడి వెయ్యాలి. తర్వాత బోదెను నిలువునా చీల్చి చూస్తారు. బాణం పైపొరలు, అంటే దొప్పలు, అన్నీ దాటుకుని మధ్యలో ఉన్న దూటను తాకాలి. దొప్పల్లోనే ఆగిపోతే వేసినవాణ్ణి ఏడాదంతా "దొప్పబాణం" అని పిలుస్తారు. ఆ దూటతో అమ్మగారు ఆవపెట్టిన కూర చేసి వీధంతా పంచేవారు. తరతరాలుగా ఆ బాణం వేసేది మాస్టారి ఇంటివాళ్ళే. ఆయనకి పిల్లలు లేరు.

మా అమ్మ ఆ తోటలో గెలలు మోసేది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజున అమ్మకి అన్నం తీసుకెళ్ళి, మాస్టారు బాణాలు వేస్తుంటే చూస్తూ నిలబడిపోయాను.

"ఏంటమ్మా, చూస్తావా, లాగుతావా?" అన్నారు.

"లాగుతానండి."

తాడు జానెడు కూడా రాలేదు. ఆయన నవ్వలేదు. గెలను భుజానికెత్తుకుంటున్న మా అమ్మను చూపించారు. "మీ అమ్మ దాన్ని చేత్తో ఎత్తుతోందా? సరిగ్గా చూడు. వీపుతో ఎత్తుతోంది. నువ్వూ వీపుతో లాగు."

"దాని వీపు పుస్తకాల సంచికే వంగిపోతందండీ" అంది అమ్మ, గెల కిందనుంచే.

"ఇకమీదట వంగదులే" అన్నారాయన.

తాడు నా మాట వినేసరికి ఆ వానాకాలం గడిచిపోయింది. తీరా బాణం వేస్తే బోదెకి ఇవతలే పడేది. ఒకరోజు ఆయన అటు తిరిగి ఉండగా నేను కొంచెం ముందుకి జరిగాను. ఆయన వచ్చి, భుజాలు పట్టుకుని, నన్ను వెనక్కి నడిపించి పాతచోటే నిలబెట్టారు. "దగ్గరికెళ్తే తగులుద్దమ్మా. అప్పుడు బోదె నీ మీద దయ చూపించినట్టు. మనకెందుకు దాని దయ?"

లాగడం కంటే ఆపడం కష్టం. తాడును దవడ మూల దాకా తెచ్చి ఆపాలి. సాయంత్రాలు గోదారి మీదనుంచి గాలి తెరలు తెరలుగా వస్తుంది. తెర దాటేదాకా ఆగాలి. మరీ ఆగితే చెయ్యి వణుకుతుంది. "గాలి కోసం ఆగావో, భయమేసి ఆగావో నాకు తెలీదు. నీకు తెలుస్తుంది" అనేవారు. ఇక వదిలేటప్పుడు నేను గిన్నె కడిగి తడి విదిల్చినట్టు వేళ్ళు విదిల్చేదాన్ని. బాణం పక్కకి పోయేది. "వదలడానికి నువ్వేం చెయ్యక్కర్లేదు. పట్టుకోవడం మానెయ్, చాలు" అనేవారు. బాణం ఎటుపోయిందో చూద్దామని విల్లు దించితే మాత్రం కోప్పడేవారు. అది తగిలేదాకా చెయ్యి ఉన్నచోటే ఉండాలి. ఆయన నాకు నేర్పినవాటిలో ఇప్పటికీ రోజూ పనికొచ్చేది అదే.

కిందటేడు ఆయన భుజం పట్టేసింది. ఆ దసరాకి ఎలాగో బాణం వేసి, గుడి ముందు అందరూ వింటుండగా, "పై ఏటినుంచి మా అమ్మాయి వేస్తుందండీ" అన్నారు. మా అమ్మాయి అంటే ఎవరా అని నేనూ చుట్టూ చూశాను. పెద్దలు నవ్వి, "చూద్దాం లెండి మాస్టారూ" అన్నారు.

ఈ శ్రావణంలో ఆయన పోయారు. పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర పంచాయతీ ప్రెసిడెంటు గారు నన్ను పిలిచారు.

"మాస్టారి మాట తీసెయ్యలేం కదమ్మా. నువ్వే వెయ్యి. కాకపోతే ఆడపిల్లవి, రోలు దగ్గర్నుంచంటే కష్టం. బోదె కాస్త ఇవతలికి పాతిద్దాం. నవ్వులపాలవ్వడం దేనికి?"

ఆయన నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. పందిరి చివర నిలబడ్డ మా అమ్మ నా వైపే చూస్తోంది.

"వద్దండి. ఎప్పుడూ పాతేచోటే పాతించండి" అన్నాను.

"దొప్పబాణం అయితే?"

"ఏడాదంతా అలాగే పిలవండి, పలుకుతాను. పై ఏడు మళ్ళీ రోలు పక్కనే నిలబడతాను."

"మాస్టారి మొండితనం అంతా వచ్చేసిందండీ" అన్నారెవరో.

"ఆయ్, విల్లుతోపాటే ఇచ్చారు" అన్నారు గుమ్మంలోంచి అమ్మగారు.

దసరా సాయంత్రం గాలి ఎక్కువగానే ఉంది. రోలు పక్కన నిలబడి వీపుతో లాగాను. ఒక తెర దాటింది. వెంటనే ఇంకొకటి వచ్చింది. "ఇంకెంతసేపమ్మా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నేను గాలి కోసమే ఆగాను. ఆ సంగతి నాకు తెలుసు. ఆ తెర కూడా పోయాక, పట్టుకోవడం మానేశాను. విల్లు దించలేదు.

బోదెను చీల్చినప్పుడు ప్రెసిడెంటు గారు వంగి చూశారు. మొన దూటలో ఉంది.

"ఈసారికి తగిలింది" అన్నారు.

"పై ఏడూ ఇక్కడినుంచేనండి" అన్నాను.

బాణం పీకుతుంటే జిగురు నా తెల్ల చున్నీ మీద చిందింది. అప్పుడది నీళ్ళలాగే ఉంది. హాస్టల్‌కి చేరేసరికి నల్లబడిపోయింది. నిమ్మకాయ రాసి చూడమంది నా గదిలో అమ్మాయి. వద్దన్నాను. ఇప్పుడా చున్నీ ఉతికి కిటికీ పక్కన ఆరేశాను. గోదారి గాలి వచ్చినప్పుడల్లా అది పైకి లేస్తోంది. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది.