లంగరు మోటారు మీద కొబ్బరికాయ

మా బావమరిది అప్పన్న పేరు వింటే నాకింకా ఒళ్లు మండుతుంది.

నేను హుగ్లీ నది ఒడ్డున ఖిదిర్‌పూర్ డాక్‌లో ఎలక్ట్రీషియన్‌ని. పోయినేడు మా తెరచాప పడవకి, లంగరు పైకి లాగే కరెంటు మోటారు నేనే బిగించాను. పనిముట్లకి పూజ చేసే విశ్వకర్మ పూజనాడు అప్పన్న దాని మీదే కొబ్బరికాయ కొట్టాడు.

కాసేపటికే "బాన్! బాన్!" అని ఘాట్‌లో కేకలు. సముద్రం నుంచి హుగ్లీలోకి ఎదురొచ్చే ఆ పెద్ద అల ఒడ్డునున్న పడవని బతకనివ్వదు. లంగరు తీసి నది మధ్యకి పోవాలి. స్విచ్ నొక్కాను. కొబ్బరినీళ్లు తాగిన మోటారు కిక్కురుమనలేదు.

"చేత్తో తిప్పే హేండిల్ ఏదిరా?" అని అరిచాను.

"ఇంట్లో పూజలో ఎట్టేను బావా. ఇయ్యాల పనిముట్లు ముట్టకూడదని నువ్వే కదేటి అన్నావు!"

ఇద్దరం ఒడ్డుకి దూకాం. మా కళ్లముందే అల పడవని ఘాట్ మెట్లకేసి బద్దలు కొట్టింది.

అతన్ని తిట్టబోయినప్పుడల్లా ఆ జవాబే గుర్తొస్తుంది. ఆ మాట నిజంగా నేనే అన్నాను. అసలు మంట అదే.