గుండీ చెవులకు కుట్టిన టోపీ

మా పెద్దమ్మ దర్జీ. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి నడుము కొలత చెప్పేస్తుంది. టేపు పెట్టి చూస్తే అరంగుళం కూడా తేడా ఉండదు. చూపు అంత చురుకు గానీ వినికిడి అంతంత మాత్రం. ఇక మిషను నడుస్తుంటే తలుపు బద్దలు కొట్టినా ఆమెకు తెలియదు.

ఆమె చెవులు మిషను కింద పడుకుని ఉంటాయి. వాటి పేరు గుండీ. అంతంత చెవులు వేలాడేసుకున్న కుక్క మా వీధిలో ఇంకొకటి లేదు. గుమ్మంలో అడుగు వినపడగానే అది లేచి ముక్కుతో ఆమె మోకాలు పొడుస్తుంది. పెద్దమ్మ మిషను ఆపి, "రండి, కూర్చోండి" అంటుంది. ఆమెకు సరిగా వినపడదన్న అనుమానమే ఎవరికీ రాదు.

అలాంటి గుండీకి చెవిపోటు పట్టుకుంది. తల విదిలించడం, గోక్కోవడం, చెవిలోంచి పుల్లటి కంపు. పశువుల డాక్టరు ఇచ్చిన చుక్కలు వేస్తే తగ్గేది, నెల తిరక్కుండా మళ్లీ మొదలయ్యేది. ఇలా మూడుసార్లయింది. పక్కనే కూర్చుని కాజాలు కుట్టే నాకు ఒళ్లు మండిపోయింది, డాక్టరు మీద.

నాలుగోసారి, గుమ్మంలో మనిషి నిలబడి దగ్గినా గుండీ లేవలేదు. పెద్దమ్మ ముఖం పాలిపోయింది.

"ఇది కూడా నాలాగే అయిపోతే ఎలాగే?" అంది.

ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. "పద, ఈసారి నేనూ వస్తా. ఆ డాక్టర్ని దులిపేస్తా" అన్నాను.

ఆస్పత్రిలో గుండీని బల్ల మీదికి ఎక్కించగానే డాక్టరు నోరెళ్లబెట్టాడు. "ఇదేంటమ్మా?"

"టోపీ" అంది పెద్దమ్మ గర్వంగా. నల్ల వెల్వెట్టు, లోపల దూది, గడ్డం కింద రిబ్బను. స్నానం కాగానే తొడిగి రాత్రింబవళ్లు ఉంచేది. ఆస్పత్రిలో మురికవుతుందని ఎప్పుడూ ఇంట్లోనే తీసేసి వచ్చేది. ఈసారి కంగారులో మరిచిపోయింది. "మీరేగా చెప్పారు, చెవులకి గాలి తగలనివ్వకండి అని!"

"తగలనివ్వండి అన్నానమ్మా! తగలనివ్వండి!"

దులపడానికి వెళ్లినదాన్ని, గోడ వంక చూశాను.

"తడి చెవిని మూట కడితే మళ్లీ మళ్లీ రాదా?" డాక్టరు లైటు వేసి లోపలికి చూశాడు. "ఇంకాస్త లోపలికి పాకితే వినికిడే పోయేది. ప్రస్తుతానికి పోలేదనే అనుకుంటున్నా. రెండు వారాలు చుక్కలు వెయ్యండి, కంపు పోయిందని మధ్యలో మానొద్దు. స్నానం అయ్యాక తుడిచి ఆరనివ్వండి." నా వైపు తిరిగాడు. "మీరు విన్నారుగా?"

"విన్నానండీ, ‘క’ లేకుండా."

"ఏంటే ఆ ఇకఇకలు?" అని కసిరింది పెద్దమ్మ.

నేను విషయం విడమరిచి చెప్పాక ఆమె ఇంటికొచ్చి, టోపీ కుట్లు విప్పుతూ పగలబడి నవ్వింది. "ఒక్క అక్షరానికి ఎంత పని చేశానే!" ఆ వెల్వెట్టు సూదులు గుచ్చే దిండైంది.

రెండు వారాలూ ఆమె చుక్కలు వేసింది, నేను రోజులు లెక్కపెట్టాను. ఎవరైనా వస్తే ముందే నేను చెప్పేసేదాన్ని; చెవులు శుభ్రపడ్డాయి గానీ వినికిడి సంగతి తేల్చుకోవడానికి ఇద్దరికీ భయమే.

ఆ మర్నాడు మిషను జోరుగా నడుస్తోంది. డాక్టరు చేతిలో ప్యాంటుతో వచ్చాడు. నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, చెప్పులు బయటే విప్పి, పిల్లిలా గుమ్మం దాటాడు. గుండీ నిద్రలో ఉంది.

ఒక చెవి కదిలింది. గుండీ లేచి పెద్దమ్మ మోకాలు పొడిచింది.

"రండి, కూర్చోండి" అంది పెద్దమ్మ వెనక్కి తిరక్కుండానే. అన్నాక గానీ ఏం జరిగిందో ఆమెకే తెలియలేదు. గుండీని ఒళ్లోకి లాక్కుని చెవుల మీద ముద్దులు పెట్టేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఈ ప్యాంటు పొడవు తగ్గించండమ్మా" అన్నాడు డాక్టరు.

పెద్దమ్మ సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది. "తగ్గించండో, తగ్గించకండో, దాని మీద రాసివ్వండి."