మూడో కాయిల్ ఎందుకు పోతోంది

2023లో, దసరా వెళ్లిన కొన్నాళ్లకు జరిగిన సంగతి ఇది. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నాకో చిన్న కార్ల షెడ్డు ఉంది. ఒక పొద్దున రెడ్డెప్ప తన తెల్ల పెట్రోలు కారు తెచ్చి నిలిపాడు. ఊరు పుంగనూరు. సొంత కారుతో బాడుగలు తిప్పుతాడు. హార్స్‌లీ హిల్స్‌లోని ఒక రిసార్టుకు అతిథులను చేర్చడం అతనికి నికరమైన పని.

"శంకరప్పా, దీని కత ఏందో సూడు. కుప్పం దాకా పోయొస్తే ఒక్క మాట అనదు. ఆ కొండ ఎక్కమంటే మాత్రం ముసిల్దాని మాదిరి దగ్గుతాది."

స్కానర్ పెట్టి చూస్తే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని వచ్చింది. అంటే అక్కడ పెట్రోలు సరిగా అంటుకోవడం లేదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఒక్కో సిలిండర్‌కూ ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. బ్యాటరీ కరెంటును అది వేల వోల్టులకు పెంచి కింద ఉన్న స్పార్క్ ప్లగ్‌కు ఇస్తుంది. ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. మూడో కాయిల్‌ను రెండో దాని చోట పెట్టి చూశాను. మిస్‌ఫైర్ కూడా రెండోదానికి మారింది. కాయిల్ పోయిందని తేలిపోయింది. దాని కొసన ఎర్రగా ఏదో అంటుకుని ఉంటే తుప్పనుకుని తుడిచేశాను. కొత్త కాయిల్ వేసి పంపేశాను. ప్లగ్ విప్పి చూడలేదు. బయట ఇంకో రెండు బండ్లు కాచుకుని ఉండడం ఒక సాకు. అసలు సంగతి, నాకు అంతా తెలిసిపోయిందన్న ధీమా.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చాడు. అదే కొండ, అదే మూడో సిలిండర్. కాయిల్ సరుకు మంచిది కాదని ఇంకోటి వేశాను. మూడోసారి వచ్చినప్పుడు నాకు విసుగొచ్చింది.

"నువ్వు గేరు తగ్గించకుండా ఎక్కిస్తాండావు రెడ్డెప్పా. ఇంజన్ ఎంతని లాగతాది?"

"నేను స్టీరింగు పట్టుకునేటప్పటికి ఆ కొండకు ఇంత రోడ్డు కూడా లేదప్పా. నా మీద యాల తోస్తావు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "రిసార్టోళ్లు చెప్పేసినారు. ఇంకొక్కసారి నడిమధ్య నిలబడితే వేరే బండి మాట్లాడుకుంటారంట. ఆ పని పోతే నాకేముండాదప్పా? ఈ పొద్దు మద్దేనం కూడా పైనుంచి మనుషుల్ని దించుకోని రావల్ల."

ఆ మాటకు సిగ్గేసింది. పానాలూ, కొత్త ప్లగ్గులూ, ఇంకో కాయిలూ సంచిలో వేసుకుని అతని పక్కన కూర్చున్నాను. కురబలకోట దాటేదాకా కారు పట్టులా పోయింది. ఘాట్ మొదలై నాలుగు మలుపులు తిరిగామో లేదో కుదుపు, ఇంజన్ లైటు మినుకుమినుకు. గేరు మాత్రం సరిగ్గానే ఉంది. చూస్తూనే ఉన్నాను.

ఎక్కుడులోనే ఎందుకు? బరువు లాగేటప్పుడు సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ కొసన రవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఇంకెక్కడైనా సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది. ఆ దారి ఎక్కడుందో మాత్రం రెండుసార్లు బండి నా చేతిలోకొచ్చినా నేను వెతకలేదు.

పక్కన ఆపి, ఇంజన్ చల్లారేదాకా ఆగి, మూడో కాయిల్ లాగాను. మళ్లీ కొసన ఎరుపు. ఈసారి తుడవకుండా ప్లగ్ కూర్చునే గుంతలోకి టార్చి వేశాను. ప్లగ్ తెల్ల పింగాణీ చుట్టూ తడిసిన ఎర్రటి బురద, దాని మీద సన్నగా నల్లటి గీత. కరెంటు పారిన జాడ అది. బురద వేలికి రాసుకుని చూశాను.

"తుప్పా?" అన్నాడు రెడ్డెప్ప.

"తుప్పు ఇంత మెత్తగా ఉండదప్పా. కుంకుమ."

"కుంకుమ యాడిది, ఇంజన్‌లోకి?" అని నా ముఖంలోకి చూశాడు. "ఏమప్పా, మర్చిపోయినావా? ఆయుధపూజ నాడు ఏటేటా పెట్టేది నువ్వే కదా!"

నిజమే. ఆయుధపూజ పొద్దున మా షెడ్డులో పాత ఖాతాదార్ల బండ్లన్నిటికీ ఊరికే వాటర్ వాష్ చేసేవాణ్ని. బానెట్ ఎత్తి ఇంజన్ మీదికి కూడా గట్టిగా నీళ్లు కొట్టేవాణ్ని. తర్వాత ఒక్కో కాయిల్ మీదా గంధం, కుంకుమ బొట్టు పెట్టేవాణ్ని. మూడో కాయిల్ పైన, నీళ్లు గుంతలోకి దిగకుండా ఆపే రబ్బరు బిళ్ల పగిలి ఉంది. కాయిల్ మార్చిన రెండుసార్లూ ఆ పాత బిళ్లనే చూసుకోకుండా తిరిగి తొడిగాను. ముందేడు పెట్టిన బొట్లను ఆ ఏడు కొట్టిన నీళ్లు కరిగించి అందులోకి దించాయి. నేను వేసిన ప్రతి కొత్త కాయిలూ ఆ బురదలోనే కూర్చుంది.

"తప్పు నాదే రెడ్డెప్పా. నిన్ను గేరు గురించి అన్న మాట కూడా."

"భక్తి ఎక్కువైపాయె నీకు," అని నవ్వాడు. "ముందు బండి కదిలించప్పా, టైమైపోతాది."

గుంతను గుడ్డతో అద్దాను. మిగిలిన మురికి సిలిండర్‌లోకి జారకుండా, డిక్కీలో ఉన్న, టైర్లకు గాలి కొట్టే పంపుతో ఊది, ఆ తర్వాతే ప్లగ్ విప్పాను. నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసి, మూడో దాని చోట సంచిలోని కొత్త కాయిల్‌ను దాని కొత్త రబ్బరుతోనే కూర్చోబెట్టాను. మిగతా కొండ కారు గొణక్కుండా ఎక్కింది. అతిథులు సామాన్లతో ఇంకా బయటికి వస్తూ ఉన్నారు. రెడ్డెప్ప దిగి వాళ్ల పెట్టెలు అందుకుంటుంటే నాకు ఊపిరాడింది. ఆ పని ఇప్పటికీ అతనిదే.

ప్లగ్గులు, కాయిళ్లు ఎప్పుడు మార్చాలని చాలామంది అడుగుతారు. ప్లగ్ అరిగే వస్తువు. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు మార్చేయాలి. మామూలు ప్లగ్గులు త్వరగా అరుగుతాయి, కొసన ఇరిడియం లోహం ఉన్నవి ఎక్కువ కాలం వస్తాయి. కాయిల్‌కు అలాంటి గడువు లేదు. పోయినప్పుడే మార్చాలి. కానీ ఎందుకు పోయిందో కనుక్కోకుండా మార్చకూడదు. నేను వస్తువు మార్చాను, కారణాన్ని అక్కడే వదిలేశాను. పైగా నమ్మి వచ్చిన మనిషిని తప్పుపట్టాను.

మరుసటి ఏడు ఆయుధపూజకు రెడ్డెప్ప అందరికంటే ముందొచ్చి, బానెట్ తానే ఎత్తి పక్కన నిలబడ్డాడు. నేను ఇంజన్‌ను తడిగుడ్డతో తుడిచి, బానెట్ దించి, దాని మీద బొట్టు పెట్టాను.

"లోపల పెట్టవా?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

"లోపలికి దణ్ణం చాల్లే అప్పా," అన్నాను.